సొంత మెకానికల్ కీబోర్డు: ముందు తేల్చుకోవాల్సినవి, తర్వాతకు వదిలేయాల్సినవి

మెకానికల్ కీబోర్డు, అంటే ప్రతి కీ కింద విడిగా ఒక స్విచ్ ఉండే కీబోర్డు, సొంతంగా కట్టుకోవాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఒక్కటే: "ఏ స్విచ్ మంచిది?" యూట్యూబ్‌లో టైపింగ్ శబ్దాల వీడియోలు చూస్తూ ఆ ప్రశ్న దగ్గరే నెల గడిపేస్తారు. నన్నడిగితే అది చివరన చూసుకోవాల్సిన సంగతి. స్విచ్ నచ్చకపోతే పీకేసి ఇంకోటి పెట్టుకోవచ్చు. కీక్యాప్‌లు, అంటే స్విచ్ మీద అక్షరం ఉండే మూతలు, పాతబడితే మార్చుకోవచ్చు. ఒకసారి కొన్నాక మార్చలేనివి వేరే ఉన్నాయి: కీల అమరిక, స్విచ్‌ని బోర్డుకు బిగించే పద్ధతి, ఏ కీ ఏం చేయాలో చెప్పే లోపలి ప్రోగ్రాం, అంటే ఫర్మ్‌వేర్. ఆలోచన, డబ్బు ముందు వీటి మీద పెట్టాలి.

విజయవాడ, గుంటూరు వైపు ఉంటూ ఇంగ్లీషుతో పాటు తెలుగు కూడా కొట్టేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇంగ్లీషు గైడ్లు ఎన్ని చదివినా మనకు పనికొచ్చే ఒక లెక్క వాటిలో కనపడదు. ఎడమవైపు పైమూల టిల్డా (~) కీ ఉందా లేదా అన్నది వాళ్లకు పెద్ద పట్టింపు కాదు. మనలో చాలామందికి ఆ కీ లేకపోతే రోజు గడవదు.

అమరిక: మీరు తెలుగు ఎలా కొడతారు?

సైజులు క్లుప్తంగా చెప్పేస్తాను. ఫుల్ సైజు అంటే 104 కీలు. నంబర్ ప్యాడ్ తీసేస్తే 87 కీల టీకేఎల్. దాన్నే దగ్గరగా నొక్కిపెడితే 75 శాతం, అందులో 80 నుంచి 84 కీల దాకా ఉంటాయి. పైనున్న ఎఫ్ వరస కూడా తీసేసి బాణాలు ఉంచితే 65 శాతం. బాణాలు కూడా పోతే 61 కీల 60 శాతం బోర్డు.

భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అమరిక అయిన ఇన్‌స్క్రిప్ట్‌లో కొట్టేవాళ్లు ఇక్కడ కాస్త ఆగాలి. ఆ పద్ధతిలో ఎడమచేతి కింద అచ్చులు, గుణింతాలు, కుడిచేతి కింద ఎక్కువగా హల్లులు ఉంటాయి. 1 అంకెకు ఎడమ పక్కన ఇంగ్లీషులో టిల్డా ఉండే కీ తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌లో ొ గుణింతం. షిఫ్ట్ పట్టుకుంటే ఒ. కొత్త, పొలం, మొదలు, తొందర, ఒకటి... ఏ పేరా తీసుకున్నా ఆ కీ మీదకు వేలు పోవాల్సిందే. 60 శాతం బోర్డుల్లో, చాలా 65 శాతం బోర్డుల్లో సరిగ్గా ఆ చోట ఎస్కేప్ కూర్చుంటుంది. అప్పుడు ొ కోసం ఎఫ్ఎన్ పట్టుకోవాలి, ఒ కోసం ఎఫ్ఎన్, షిఫ్ట్ రెండూ పట్టుకోవాలి. ఒక పేజీ కొట్టేసరికి విసుగొస్తుంది. దీనికి మందు ఉంది, ఫర్మ్‌వేర్ దగ్గర చెబుతాను. ఆ మందు పనిచేయని బోర్డు కొన్నారంటే మాత్రం చిక్కే.

ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టేవాళ్లకు, అంటే లేఖిని తరహాలో ఆర్‌టీఎస్ పద్ధతి వాడేవాళ్లకు, ఆ ఇబ్బంది లేదు. ట, డ, ణ, ళ లాంటి వాటికి పెద్దక్షరాలు కావాలి కాబట్టి వాళ్ల చేతులు షిఫ్ట్ మీద ఎక్కువగా ఉంటాయి. సైజు ఏదైనా సరే, షిఫ్ట్ కీ కింది స్టెబిలైజర్, అంటే పొడవాటి కీ ఒరగకుండా పట్టే తీగ, బాగుండాలి.

ఇక అను ఫాంట్లతో పనిచేసే డీటీపీ ఆపరేటర్లు. ఏలూరు రోడ్డు పుస్తకాల పనుల్లో ఉన్నవాళ్లలో చాలామంది యాపిల్ కీబోర్డు అమరికలో కళ్లు మూసుకుని కొట్టేస్తారు. ఆల్ట్ పట్టుకుని నంబర్లు నొక్కే కోడ్‌లు వాడే అలవాటు ఉంటే నంబర్ ప్యాడ్ వదులుకోవద్దు. పై వరస అంకెలతో విండోస్ ఆల్ట్ కోడ్‌లు పనిచేయవు. వన్‌టౌన్ హోల్‌సేల్ కొట్లలో, గుంటూరు మిర్చి యార్డు కమీషన్ షాపుల్లో ట్యాలీ కొట్టేవాళ్లకూ ఇదే మాట. వాళ్లకు 96 శాతం బోర్డు బాగుంటుంది. నంబర్ ప్యాడ్ ఉంటుంది, వెడల్పు తగ్గుతుంది. లేదా టీకేఎల్ కట్టుకుని నంబర్ ప్యాడ్ విడిగా కొనుక్కోవచ్చు. విడి ప్యాడ్‌ని ఎడమవైపు పెట్టుకుంటే మౌస్ చేతికి దగ్గరవుతుంది. లెక్కలు రాసేవాళ్లు ఒకసారి ఇది ప్రయత్నించి చూడాలి.

మిగతా అందరికీ, అంటే ఇన్‌స్క్రిప్ట్ కొట్టే విలేకరికి, కోడ్ రాసే ఇంజినీరింగ్ కుర్రాళ్లకు, ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగికి నా సలహా 75 శాతమే. టిల్డా దాని చోట అది ఉంటుంది, ఎస్కేప్ విడిగా ఉంటుంది, బాణాలుంటాయి, బల్ల మీద చోటూ మిగులుతుంది. 60 శాతం ఫొటోల్లో ముద్దుగా ఉంటుంది, అంతవరకే.

మరో అనుమానం తరచూ వినిపిస్తుంది: "ఈ కీబోర్డు తెలుగు సపోర్ట్ చేస్తుందా?" ఏ కీబోర్డైనా చేస్తుంది. కీబోర్డు కంప్యూటర్‌కు అక్షరాన్ని పంపదు. ఫలానా చోటున్న కీ నొక్కారు అన్న సంకేతాన్నే పంపుతుంది. దాన్ని తెలుగుగా మార్చేది విండోస్ లేదా లినక్స్. కాబట్టి "తెలుగు సపోర్ట్" అని చెప్పి ఎవరైనా ఎక్కువ డబ్బు అడిగితే ఇవ్వక్కర్లేదు.

మూడు దారులు

మొదటిది, హాట్‌స్వాప్ ఉన్న, అంటే సోల్డరింగ్ లేకుండానే స్విచ్‌లు మార్చుకోగలిగే రెడీమేడ్ బోర్డు కొని లోపలివి మెల్లగా మార్చుకోవడం. కీక్రాన్ వీ1 లాంటిది తీసుకుంటే 75 శాతం అమరిక, 5 పిన్నుల హాట్‌స్వాప్, క్యూఎంకే, వయా అన్నీ ఉంటాయి (ఈ మాటలకు అర్థం కింద చెబుతాను). పెట్టె విప్పిన రోజు నుంచే పని జరుగుతుంది. స్టెబిలైజర్లకు గ్రీజు రాయడం, స్విచ్‌లు మార్చడం ఒక్కో ఆదివారం చేసుకోవచ్చు. ఇదేం కస్టమ్ అని కొందరు మూతి విరుస్తారు. విరవనీయండి.

రెండోది, బేర్‌బోన్ కిట్. కేసు, పీసీబీ (సర్క్యూట్ బోర్డు), ప్లేటు (స్విచ్‌లు బిగించే పలక) వస్తాయి. స్టెబిలైజర్లు కొన్నిటిలో వస్తాయి, కొన్నిటిలో రావు, ఆర్డర్ చేసేముందు చూసుకోవాలి. స్విచ్‌లు, కీక్యాప్‌లు మనవే. మొదటిదానికంటే ఖర్చు సాధారణంగా ఎక్కువే అవుతుంది, "సొంతంగా కడితే చవక" అనుకుని దిగితే నిరాశ పడతారు. ఇందులో లాభం వేరే ఉంది. వాడకుండా పక్కన పడేసే భాగం ఒక్కటీ ఉండదు. ఏ స్విచ్ కావాలో ఇప్పటికే తెలిసినవాళ్లకు ఇదే సరైన దారి.

మూడోది చేతి వైరింగ్. పీసీబీయే ఉండదు. ప్లేటు కోయించుకుని, స్విచ్‌లు బిగించి, వెనక డయోడ్లు, వైర్లు మనమే సోల్డర్ చేస్తాం. నాకు ఈ దారి మీద మోజు ఎక్కువ, ఎందుకంటే దీనికి కావాల్సిన సరుకులో చాలాభాగం ఊళ్లోనే దొరుకుతుంది. ప్లేటులో ఒక్కో స్విచ్‌కు 14 మిల్లీమీటర్ల చదరపు రంధ్రం కావాలి. ఒక కీ మధ్య నుంచి పక్క కీ మధ్యకు 19.05 మిల్లీమీటర్లు. లోహమైతే 1.5 మిల్లీమీటర్ల మందం ఉండాలి, స్విచ్ పక్కనున్న కొక్కేలు ఆ మందానికే పట్టుకుంటాయి. నేమ్‌ప్లేట్లు, సైన్‌బోర్డులు చేసే షాపుల్లో యాక్రిలిక్‌ని లేజర్‌తో కోస్తారు. అయితే 3 మిల్లీమీటర్ల యాక్రిలిక్‌లో కొక్కెం పట్టదు, జిగురు వాడాల్సి వస్తుంది. స్టీలు లేదా అల్యూమినియం కావాలంటే లేజర్ కటింగ్ చేసే వర్క్‌షాపు కోసం ఆటోనగర్ వైపు వాకబు చేయండి. కీబోర్డ్ లేఅవుట్ ఎడిటర్ అనే వెబ్‌సైటులో అమరిక గీసుకుని, దాన్ని ప్లేట్ జనరేటర్ సైటులో పెట్టి డీఎక్స్ఎఫ్ అనే డ్రాయింగ్ ఫైలు తీసి పట్టుకెళ్తే వాళ్లకు అర్థమవుతుంది. లేజర్ అంచుని కొంచెం తినేస్తుంది, రంధ్రం వదులవుతుంది. అందుకే మొత్తం కోయించే ముందు ఒక్క రంధ్రం కోయించి, జేబులో స్విచ్ పెట్టుకెళ్లి అక్కడే నొక్కి చూడాలి.

ఒక్కో కీకి ఒక 1ఎన్4148 డయోడ్ కావాలి. అది లేకపోతే మూడు కీలు కలిపి నొక్కినప్పుడు నొక్కని నాలుగో కీ కూడా పలుకుతుంది. బుర్రగా రాస్ప్‌బెర్రీ పై పీకో అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు సరిపోతుంది. 75 శాతం బోర్డుని 6 అడ్డ వరసలు, 16 నిలువు వరసలుగా కలిపితే 22 పిన్నులు కావాలి, పీకోలో 26 ఉన్నాయి. పాత గైడ్లలో కనిపించే అలాంటిదే ప్రో మైక్రోలో 18 పిన్నులే కాబట్టి పెద్ద బోర్డుకి చాలవు. డిప్లొమా, బీటెక్ ఎలక్ట్రానిక్స్ పిల్లలకు ఇది మంచి ప్రాజెక్టు. సోల్డరింగ్ ఐరన్ పట్టనివాళ్లు మొదటి బోర్డుకే ఈ దారి పట్టొద్దు. ఎనభై పైచిలుకు డయోడ్లు ఒకే వైపు తిప్పి అతికించాలి, ఒక్కటి తిరగబడినా ఆ కీ పలకదు.

హాట్‌స్వాపా, సోల్డరింగా?

మొదటి బోర్డుకు హాట్‌స్వాప్, ఇందులో చర్చ లేదు. స్విచ్ పిన్నులు సాకెట్‌లోకి దిగుతాయి, పుల్లర్‌తో పైకి లాగితే వచ్చేస్తాయి. సాకెట్లకూ ఆయుష్షు ఉంటుంది. కైల్ కంపెనీ సాకెట్లకు సుమారు 100 సార్లు తీసిపెట్టడం అని లెక్క చెబుతారు, మామూలు వాడకానికి అది చాలా ఎక్కువ. అసలు ప్రమాదం వేరే చోట ఉంది. వంగిన పిన్నుతో స్విచ్‌ని గట్టిగా నొక్కితే సాకెట్ కింద నుంచి ఊడిపోతుంది. నొక్కేముందు పిన్నులు నిటారుగా ఉన్నాయో లేదో చూడాలి, వీలైతే పీసీబీ వెనక వేలు ఆనించి నొక్కాలి. ఊడినా కంగారు పడక్కర్లేదు. ఫోన్లు రిపేరు చేసే కుర్రాళ్లెవరైనా ఆ సాకెట్‌ని తిరిగి అతికించగలరు.

3 పిన్నులు, 5 పిన్నులు అనే మాట కూడా ఇక్కడే వస్తుంది. అదనంగా ఉండే రెండూ ప్లాస్టిక్ కాళ్లు, స్విచ్ కదలకుండా పట్టుకోవడానికి. 5 పిన్నుల పీసీబీలో రెండు రకాలూ పడతాయి. 3 పిన్నులది కొంటే 5 పిన్నుల స్విచ్ కాళ్లు కత్తిరించుకోవాలి. ధరలో తేడా కొద్దిగా ఉంటే 5 పిన్నులదే తీసుకోండి.

ఫర్మ్‌వేర్: చాలామంది చూడని వివరం

ఇందాక చెప్పిన మందు ఇదే. క్యూఎంకే అనేది ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్, వయా దాని మీద పనిచేసే ప్రోగ్రాం. వయా తెరిచి ఏ కీ ఏం చేయాలో మౌస్‌తో మార్చేయొచ్చు, ఆ మార్పు కీబోర్డులోనే ఉండిపోతుంది. ఇంట్లో మార్చుకున్న బోర్డుని ఆఫీసు కంప్యూటర్‌కు తగిలించినా అలాగే నడుస్తుంది. 65 శాతం బోర్డు మీద మోజుపడ్డ ఇన్‌స్క్రిప్ట్ టైపిస్టు మూలనున్న ఎస్కేప్‌ని టిల్డాగా మార్చి, ఎస్కేప్‌ని క్యాప్స్‌లాక్ చోట పెట్టుకుంటే సమస్య తీరిపోతుంది. తెలుగులో క్యాప్స్‌లాక్‌తో మనకు పనేముంది కనుక?

రెండు భాషల మధ్య రోజంతా మారేవాళ్లకు ఇంకో ఉపాయం ఉంది. విండోస్‌లో భాష మార్చడానికి విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కుతాం. వయాలో ఆ జంటని ఒకే కీకి ఇచ్చేయొచ్చు. 75 శాతం బోర్డులో కుడి పక్క నిలువు వరసలో ఖాళీగా ఉండే కీ దీనికి సరిగ్గా సరిపోతుంది.

చవక బోర్డుల్లో కంపెనీ సొంత సాఫ్ట్‌వేర్ వస్తుంది. అది తరచూ విండోస్‌కే పరిమితం, కొన్ని కీలను మార్చనివ్వదు కూడా. ధర తక్కువని దానివైపు మొగ్గేముందు మీకు కావాల్సిన కీ మార్చుకోవచ్చో లేదో కనుక్కోండి. అమ్మేవాళ్లు చెప్పలేకపోతే మార్చలేమనే అనుకోవాలి.

వైర్‌లెస్ గురించి రెండు మాటలు. బల్ల మీద నుంచి కదలని బోర్డుకు వైరే మేలు. బ్యాటరీ అంటే లిథియం, మన మే నెల ఎండలకు కిటికీ పక్కనో కారులోనో వదిలేస్తే దాని ఆయుష్షు తగ్గుతుంది. ట్యాబ్‌కి, ఫోన్‌కి, ల్యాప్‌టాప్‌కి ఒకే బోర్డు వాడాలనుకుంటే బ్లూటూత్ తీసుకోండి. సొంతంగా కట్టే వైర్‌లెస్ బోర్డులకు జడ్ఎంకే అనే ఫర్మ్‌వేర్ ఉంది.

కేసు ప్లాస్టిక్కా అల్యూమినియమా అన్నది పూర్తిగా మీ ఇష్టం. అల్యూమినియం బరువుగా, కదలకుండా కూర్చుంటుంది. ఖర్చులో పెద్ద ముక్క అదే తినేస్తుంది.

ఇప్పుడు స్విచ్

జర్మనీకి చెందిన చెర్రీ కంపెనీ ఎంఎక్స్ స్విచ్‌ని 1980ల్లో తెచ్చింది. పేటెంట్ గడువు తీరాక గేటెరాన్, కైల్, ఔటెము లాంటి చైనా కంపెనీలు అదే కొలతలతో చేయడం మొదలుపెట్టాయి. ఇవాళ ఇన్ని వందల రకాలు ఉన్నాయంటే కారణం అదే. రకాలు ఎన్ని ఉన్నా జాతులు మూడు. లీనియర్ నున్నగా దిగుతుంది. టాక్టైల్‌లో మధ్యలో చిన్న గడ్డ తగులుతుంది. క్లిక్కీలో గడ్డతో పాటు టక్కుమనే శబ్దం. చెర్రీ లెక్క ప్రకారం రెడ్ లీనియర్‌కు 45 సెంటీన్యూటన్లు, అంటే సుమారు 45 గ్రాముల ఒత్తిడి చాలు. బ్లూ క్లిక్కీకి 60 కావాలి. కీ మొత్తం 4 మిల్లీమీటర్లు దిగుతుంది, సగం దారిలోనే నొక్కినట్టు నమోదవుతుంది.

క్లిక్కీ అంటే మనవాళ్లకు కొత్త కాదు. ఆఫీసుల్లో, బిల్లింగ్ కౌంటర్లలో ఏళ్ల తరబడి టకటకలాడుతున్న టీవీఎస్ గోల్డ్ ఆ జాతిదే. ఆ శబ్దం ఇష్టమైతే అసలు కొత్తగా కట్టడం ఎందుకు, ఒక గోల్డ్ కొనుక్కుని హాయిగా ఉండొచ్చని నా అభిప్రాయం. ధర తక్కువ, మొండి ఘటం, నంబర్ ప్యాడ్ కూడా ఉంటుంది. ఒకే గదిలో పిల్లలు పడుకునే ఇంట్లో, రాత్రి పూట పనిచేసేవాళ్లు మాత్రం క్లిక్కీ జోలికి పోవద్దు. ఆ శబ్దాన్ని గ్రీజు ఆపలేదు, అది స్విచ్ నిర్మాణంలోనే ఉంది. అలాంటి ఇంటికి లోపల రబ్బరు మెత్తలుండే సైలెంట్ లీనియర్లు ఉన్నాయి.

మొదటి బోర్డుకు ఫ్యాక్టరీలోనే గ్రీజు రాసి పంపే లీనియర్ తీసుకోండి. గేటెరాన్ మిల్కీ ఎల్లో ప్రో లాంటివి చవకలో బాగుంటాయి. 84 కీల బోర్డుకు 90 తీసుకోండి, ఒకటో రెండో పిన్నులు వంగి పోతాయి. హాల్ ఎఫెక్ట్ స్విచ్‌లని అయస్కాంతంతో పనిచేసేవి వస్తున్నాయి. వాటి వేగం ఆటలాడేవాళ్లకు కావాలి, టైపింగ్‌కు అక్కర్లేదు. మామూలు ఎంఎక్స్ పీసీబీలో అవి పనిచేయవు కూడా.

గ్రీజు సంగతికొస్తే, స్విచ్‌లకు అందరూ వాడేది క్రైటాక్స్ 205జీ0. అది మన ఎండలకు కరిగి కారిపోయే రకం కాదు. చిన్న డబ్బాకు అంత ధరా అని కుట్టు మిషన్ నూనె, కొబ్బరి నూనె, తుప్పు వదిలించే స్ప్రే వాడాలనిపిస్తుంది. వద్దు. నూనె పాకుతూ పోతుంది, దుమ్ము పట్టి జిగురవుతుంది, పెట్రోలియం రకాలు కొన్ని ప్లాస్టిక్‌ని పాడుచేస్తాయి. ఓపిక తక్కువైతే స్విచ్‌లు వదిలేసి స్టెబిలైజర్లకే రాయండి. స్పేస్‌బార్, ఎంటర్, షిఫ్ట్, బ్యాక్‌స్పేస్ కింద ఉండే ఆ తీగలకు గ్రీజు లేకపోతే ఎంత ఖరీదైన బోర్డైనా ఖాళీ లారీలా గలగలమంటుంది. తీగలకు డైఎలక్ట్రిక్ సిలికాన్ గ్రీజు సరిపోతుంది. బండ్ల ఎలక్ట్రికల్ పనులకు వాడేదే కాబట్టి ఆటో విడిభాగాల షాపుల్లో అడగండి.

కీక్యాప్‌లు, కొనుగోలు

ఏబీఎస్ ప్లాస్టిక్ చేతి చెమటకు, నూనెకు త్వరగా నున్నబడి మెరుస్తుంది. మన ఉక్కపోతలో మరీ త్వరగా. పీబీటీ ఎక్కువకాలం గరుకుగా ఉంటుంది. ఫ్యాన్ కింద పనిచేసేవాళ్లు పీబీటీనే ఎంచుకోవాలి. తెలుగు స్టిక్కర్లు అతికించాలనుకుంటే ఒక ఇబ్బంది: గరుకు పీబీటీ మీద స్టిక్కర్ అంత గట్టిగా పట్టదు, పొడి గుడ్డతో బాగా తుడిచి అతికించాలి. ఇన్‌స్క్రిప్ట్ వేళ్లకు ఎక్కాక స్టిక్కర్ల వైపు చూడరు ఎలాగూ.

సెట్ కొనేముందు రెండు చూడాలి. 65, 75 శాతం బోర్డుల్లో కుడి షిఫ్ట్ పొట్టిది, 1.75 యూ (ఒక యూ అంటే మామూలు అక్షరం కీ వెడల్పు). మామూలు సెట్లలో 2.75 యూదే వస్తే అది పట్టదు. రెండోది, పీసీబీలో లైట్లు స్విచ్‌కు పైవైపున ఉంటే చెర్రీ ప్రొఫైల్ అనే ఆకారపు కీక్యాప్‌లు కొన్ని వరసల్లో స్విచ్‌కి తగులుతాయి. సౌత్ ఫేసింగ్ అని రాసున్న పీసీబీ అయితే ఆ గొడవ లేదు.

2020 నవంబరులో అలీఎక్స్‌ప్రెస్‌ను మన దేశంలో నిషేధించాక నేరుగా చైనా నుంచి విడిభాగాలు తెప్పించుకునే సులువైన దారి మూసుకుపోయింది. స్టాక్స్‌కేబీ, మెక్‌కీస్, నియోమాక్రో లాంటి మన దేశపు ఆన్‌లైన్ షాపుల్లో ధర కాస్త ఎక్కువ కనిపించొచ్చు. విదేశీ సైటులో తక్కువ ధర చూసి మురిసిపోయే ముందు షిప్పింగ్, కస్టమ్స్ సుంకం కలిపి లెక్కేసుకోండి. సరుకు చెడిపోయి వస్తే తిరిగి పంపగలమా అన్నది కూడా ఆ లెక్కలో భాగమే. గ్రూప్ బై అని ముందే డబ్బు కట్టించుకుని నెలల తర్వాత పంపే పద్ధతి మొదటి బోర్డుకు పెట్టుకోకండి.

పార్సిల్ విప్పేటప్పుడు ఫోన్‌లో వీడియో తీసి ఉంచుకోండి. కిట్ అయితే ఏ స్క్రూ బిగించకముందే పీసీబీని కంప్యూటర్‌కు తగిలించి, వయాలో కీ టెస్టర్ తెరిచి, లోహపు ట్వీజర్‌తో ఒక్కో స్విచ్ చోటున్న రెండు రంధ్రాలనూ కలిపి ముట్టించి చూడాలి. అన్నీ పలికాకే స్టెబిలైజర్లు బిగించాలి. ప్లేటు, స్విచ్‌లు ఎక్కాక స్టెబిలైజర్ మళ్లీ తీయాలంటే కట్టిందంతా విప్పాల్సి వస్తుంది. తర్వాత ప్లేటుకు నాలుగు మూలలా నాలుగు స్విచ్‌లు దించి పీసీబీతో సరిగ్గా కుదిరిందో చూసుకుని, మిగతావి వరసగా నొక్కుకుంటూ పోవచ్చు. పలకని కీ ఏదైనా తగిలితే స్విచ్ బయటికి తీసి పిన్ను చూడండి. చాలాసార్లు అది వంగి ఉంటుంది, ట్వీజర్‌తో నిటారు చేసి మళ్లీ పెడితే సరిపోతుంది.